ముప్పై దాటని నగరం

“ఈ నగరానికి వయసు పైబడదు. పడనివ్వను. ఇది నా హామీ!”

ఈ మాట అని యువ మేయర్‌గారు మైకు ముందు నుంచి రెండడుగులు వెనక్కి వేశారు, చప్పట్లకి కాస్త చోటుండాలని. చప్పట్లు మారుమోగాయి. ముందు వరసలో కూర్చున్న కమిషనర్‌గారైతే చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టి, పక్కాయన చేతులు కూడా పట్టుకుని కొట్టించారు.

యువ మేయర్‌గారికి అరవై మూడేళ్ళు. మొట్టమొదటిసారి గెలిచినప్పుడు గది తలుపు మీద ‘యువ మేయర్’ అని బోర్డు పెట్టించారు. నిక్షేపంలా ఉన్న బోర్డుని మార్చడం వనరుల దుబారా కదా, అందుకని అదే ఉంచారు. బోర్డుకి తగ్గట్టు జుట్టుకి మాత్రం వారం వారం రంగు వేయిస్తారు. ఆ మహానుభావుడి పట్టుదల అలాంటిది.

విషయం ఏమిటంటే, ప్రపంచంలో ఎక్కడో ఉన్న ఒక సంస్థ ఏటా ఒక ఊరికి ‘యువ ప్రగతిశీల సుస్థిర నగరం’ అనే బిరుదిస్తుంది. షరతులు మూడే. కొత్తగా వచ్చేవాళ్ళని ఆదరించాలి, చెత్త తగ్గించాలి, రిజిస్టర్‌లో ఉన్న నగరవాసుల సగటు వయసు ముప్పై దాటకూడదు. నగరవాసులు అరవై వేలమంది. సగటు ఇరవై తొమ్మిది పాయింట్ తొమ్మిది తొమ్మిది తొమ్మిది ఆరు. ఈ అంకెని ఎర్ర లైట్లతో ఆఫీసు గుమ్మం మీద వెలిగించారు. వచ్చేపోయేవాళ్ళంతా ఆగి ఆ అంకెని చూసి, తామే కాస్త చిన్నవాళ్ళయినట్టు నడుం నిటారుగా చేసుకుని వెళ్ళేవారు.

ఆ అంకె కిందే, కుడిచేతి వైపు కిటికీలో, స్వాగత విభాగం గుమస్తా కూర్చునేవాడు. కొత్తగా ఊళ్ళోకి వచ్చిన ఎవరైనా ముందు అతని దగ్గరికే రావాలి. అతను లేచి నిలబడి గంట కొడతాడు. చేతికి గుడ్డ సంచీ ఇస్తాడు. కుండీలో మొక్క ఇస్తాడు. ఫోటో తీస్తాడు. తర్వాత సంచీ, మొక్క వెనక్కి తీసుకుంటాడు. ఒకే సంచీ, ఒకే మొక్క పన్నెండేళ్ళుగా వాడటమంటే మాటలా! ఇప్పటికి నాలుగు వేల కుటుంబాలకి స్వాగతం పలికిన ఆ మొక్కకి మూడు ఆకులు మిగిలాయి. గుమస్తాకి ఆ మొక్కంటే గౌరవం. ఉద్యోగమన్నా అంతే గౌరవం. పై అధికారి సంతకం లేకుండా అతను తుమ్మి కూడా ఎరగడు.

అలాంటి మనిషి ఇంటికి అత్తగారు దిగింది.

దిగింది అంటే చుట్టపుచూపుగా కాదు, పూర్తిగా. ఆవిడకి ఎనభై ఒకటి. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఒకప్పుడు దర్జీ పని చేసి, కూతుర్ని చదివించిన మనిషి. ఇప్పుడు సూదెక్కడుందో, దారమెక్కడుందో తెలియదు. నగర ఆసుపత్రిలో కంటి ఆపరేషన్ చేస్తారు గానీ రిజిస్టర్‌లో పేరున్నవాళ్ళకే చేస్తారు.

“రేపు వెళ్ళగానే ముందు అమ్మ పేరు ఎక్కించండి,” అంది గుమస్తా భార్య. “మొన్న పిల్ల మొహం చేతుల్తో తడిమి చూసుకుంటోంది, ముక్కు నాలాగే ఉందా అని. నాకు ఏడుపు ఆగలేదండీ.”

“అదెంత పని! ఆ కిటికీలో కూర్చునేది నేనేగా,” అన్నాడు గుమస్తా.

పొద్దున్నే చెత్తబండి వచ్చింది. దాని మీద మైకు మోగింది: “నేను మీ యువ మేయర్‌ని! తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు! నవ నగరం, యువ నగరం!” ఆ రికార్డింగు మొదటి ఎన్నికలనాటిది. పనికొచ్చే వస్తువుని పారేయకపోవడమే సుస్థిరత.

అత్తగారు చెవి రిక్కించి విన్నది. “ఎవరే ఆ కుర్రాడు? గొంతు కంచులా ఉంది. పాపం, ఇంత పొద్దున్నే రోడ్డున పడి అరుస్తున్నాడు, ఏమన్నా తిన్నాడో లేదో.”

“ఆయన మేయర్ అమ్మమ్మా,” అంది ఆరేళ్ళ మనవరాలు.

“అయితే మాత్రం? పసివాడే కదా.”

ఆ రోజు గుమస్తా అత్తగారిని కిటికీ ముందు నిలబెట్టి నిండుగా గంట కొట్టాడు. సంచీ ఇచ్చాడు, మొక్క ఇచ్చాడు, ఫోటో తీశాడు, రెండూ వెనక్కి తీసుకున్నాడు. కంప్యూటర్‌లో వయసు గడిలో ఎనభై ఒకటి కొట్టాడు. తెర మీద ఎర్రటి పెట్టె లేచింది: ‘సగటు వయసు 30.0004. కొనసాగించాలా?’

గుమస్తా చెయ్యి గాల్లోనే ఆగింది. కమిషనర్‌గారు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చారు. ఆయన గదిలో కూడా అదే పెట్టె లేచిందట.

“ఎవరయ్యా ఈవిడ?”

“మా అత్తగారండీ.”

“సంతోషం. కొత్తవాళ్ళని రెండు చేతులా ఆహ్వానిస్తాం, అది మన విధానం. కానీ ఈ వయసుతోనే రావాలా?”

“ఆవిడకి వేరే వయసు లేదు సార్.”

కమిషనర్‌గారు ఊరికే ఆ పదవిలోకి వచ్చినవారు కాదు. పది నిమిషాలు గది తలుపులు మూసుకుని ఆలోచించి, ‘వయసు సమతుల్య పథకం’తో బయటికొచ్చారు. పొగ గొట్టం పెట్టినవాడు ఎక్కడో చెట్టు నాటి లెక్క సరిచేసుకున్నట్టు, పెద్దవాళ్ళని తెచ్చుకునేవాళ్ళు అప్పుడే పుట్టిన పిల్లల్ని జత చూపించి లెక్క సరిచేసుకోవాలి. ముప్పైకి పైన ప్రతి ముప్పై ఏళ్ళకీ ఒక శిశువు.

“మీ అత్తగారికి ఒకటీ పాయింట్ ఏడు శిశువులు. ఫైలు పెట్టు, సంతకం చేస్తాను,” అన్నారు.

గుమస్తా ఇంటికెళ్ళి జరిగింది చెప్పాడు. భార్య విని, అతని చూపు ఎటు తిరుగుతోందో గమనించి, “ఏవండీ, నా వైపు అలా చూడకండి,” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి గుమస్తా మధ్యాహ్నం భోజనం మాని ప్రసూతి ఆసుపత్రికి వెళ్ళడం మొదలుపెట్టాడు. అక్కడ వరండా నిండా జనం. ఎవరి నాన్నలు, తాతలు, మేనత్తల కోసమో అందరూ వచ్చారు. ఏ గదిలో ఎవరికి నెప్పులు మొదలైనా బయట ఇరవైమంది లేచి నిలబడుతున్నారు. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళకి దిండ్లు సర్దుతున్నారు, పళ్ళ రసాలు తాగిస్తున్నారు. అయిదో నెలలో ఉన్నవాళ్ళని కూడా అప్పుడే మాట్లాడేసుకున్నారు. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత ఎందుకు పుట్టిందో గుమస్తాకి ఆ వరండాలో అర్థమైంది.

బల్ల చివర ఒక రిటైర్డ్ మాస్టారు తన ఫారం తానే పట్టుకుని కూర్చున్నారు.

“నాకు డెబ్బయ్యే బాబూ. ఒకటీ పాయింట్ మూడు మూడు చాలు. నీకెంత?”

“ఒకటీ పాయింట్ ఏడండి.”

మాస్టారు వేళ్ళ మీద లెక్కేశారు. “కలిపితే మూడూ పాయింట్ సున్నా మూడు. ముగ్గురు పిల్లలు దొరికితే ఇద్దరం గట్టెక్కుతాం. ఆ సున్నా మూడుకి నేను నా పుట్టిన తేదీ ఓ ఏడాది ముందుకి జరుపుకుంటాను. మా అమ్మ ఏమీ అనుకోదు.”

అదృష్టం తలుపు తడితే ఇంత గట్టిగానా! ఆ నాలుగో రోజే ఒక ప్లంబర్ భార్యకి ఒకే కాన్పులో ముగ్గురు పుట్టారు. ప్లంబర్ గోడకి ఆనుకుని కిందకి జారిపోయి ఉన్నాడు. గుమస్తా, మాస్టారు చెరో వైపు కూర్చుని సంగతి చెప్పారు.

“ముగ్గుర్నీ తీసుకోండి,” అన్నాడు ప్లంబర్ చేతులు జోడించి.

“అబ్బే, పిల్లలు వద్దు నాయనా. ఫారంలో పేర్లు చాలు,” అన్నారు మాస్టారు. ప్లంబర్ మొహం వాడిపోయింది గానీ పాపం, సంతకం పెట్టాడు.

ఫైలు కదిలింది. కమిషనర్‌గారి బల్ల మీద సంతకానికి పెట్టారు. ఇంట్లో అత్తగారు అప్పుడే సూదీదారం వెతికించి తలగడ కింద పెట్టుకుంది. పిల్ల గౌనుకి అంచు తనే కుడుతుందట.

సరిగ్గా ఆ రోజే యువ మేయర్‌గారికి ఒక ఆలోచన వచ్చింది. గుమ్మం మీది అంకె ఏడాదికోసారి మారడమేమిటి, పాత పద్ధతి! మన యవ్వనాన్ని ప్రపంచం ఎప్పటికప్పుడు చూడాలి, లైవ్ చేయండి అన్నారు. చేశారు. మర్నాడు పొద్దున ఆఫీసు తెరిచేసరికి గుమ్మం మీద ముప్పై పాయింట్ సున్నా సున్నా రెండు మూడు వెలుగుతోంది. ఆ మర్నాటికి సున్నా సున్నా అయిదు.

అత్యవసర సమావేశం పెట్టారు. కమిషనర్‌గారు బల్ల గుద్దారు.

“ఒక్క కొత్త ముసలాణ్ణి చేర్చలేదు. అయినా రోజూ పెరుగుతోంది! ఎవరు చేస్తున్నారు ఇది?”

అందరూ ఎదురుగా ఉన్న ఫైళ్ళు తిరగేశారు. చివరికి గుమస్తా లేచాడు. “అందరూ సార్.”

“అందరూ అంటే?”

“ఊళ్ళో అందరికీ రోజుకొక రోజు చొప్పున వయసు పెరుగుతోంది సార్.”

కమిషనర్‌గారు నిర్ఘాంతపోయారు. “మనకి చెప్పకుండానా?”

“ముందస్తు అనుమతి ఏమీ తీసుకున్నట్టు లేదు సార్.”

సమతుల్య పథకం ఆ క్షణమే రద్దయింది. ముగ్గురు శిశువుల ఫైలు వెనక్కి వచ్చేసింది. నోటి దగ్గర ముద్ద జారిపోయినట్టు గుమస్తా ఆ ఫైలుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటికెళ్ళి ఆ తలగడ వైపు ఏ మొహంతో చూడాలి?

అంకె దశాంశాలు చూస్తే గుండె దడ వస్తోందని కమిషనర్‌గారు వాటి మీద నల్ల టేపు అంటించమన్నారు. అంటించారు. ఉత్త ముప్పై మిగిలింది. అయినా యువ మేయర్‌గారు చింతించలేదు. నాయకుడంటే ఆయన. మర్నాడే కొత్త పథకం ప్రకటించారు.

“ముప్పై దాటినవాళ్ళు ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇల్లు అదే, మంచం అదే. పేరు మాత్రం రిజిస్టర్‌లోంచి ‘గౌరవ అతిథుల పుస్తకం’లోకి మారుతుంది. కొత్తతరానికి చోటివ్వడమే ప్రగతి. నేనే ముందు మారుతున్నాను!”

ఆయన మొదటి సంతకం పెట్టారు. కమిషనర్‌గారు రెండోది. మేం మాత్రం వెనకబడిపోతామా అని ప్రతిపక్షంవాళ్ళు గొడవ చేసి మరీ సంతకాలు పెట్టారు. గుమస్తాకి ముప్పై ఎనిమిది. రోజంతా ఊరి జనాన్ని ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి మార్చి, ఆఖర్న తనని తానే కొట్టేసుకుని, భార్య పేరూ కొట్టేశాడు.

“అంటే మనం ఈ ఊరివాళ్ళం కామా?” అంది ఆవిడ.

“ఈ ఊరి గౌరవ అతిథులం.”

“అలాగా. అయితే ఇవాళ గిన్నెలు నేను తోమను. అతిథిని.”

పథకం దివ్యంగా పనిచేసింది. సగటు పదిహేనుకి పడిపోయింది. అంతేనా! అతిథులు వేసే చెత్త నగరవాసుల చెత్త కిందికి రాదు కాబట్టి నగరంలో చెత్త మూడోవంతుకి తగ్గింది. కుళాయి రావట్లేదని, దీపం వెలగట్లేదని వచ్చే ఫిర్యాదులు దాదాపు సున్నా అయ్యాయి. వచ్చినవాళ్ళకి కమిషనర్‌గారు నవ్వుతూ ఒకటే చెప్పేవారు: “అతిథులు వంక పెట్టకూడదు.”

ఇంతలో పిడుగులాంటి వార్త. పోటీలో ఉన్న ఇంకో నగరం పద్నాలుగుకి దిగిందట! యువ మేయర్‌గారు నిద్రపోలేదు. పద్దెనిమిది నిండిన ప్రతివాడూ అతిథే అని ఆజ్ఞ వేశారు. కాలేజీ పిల్లలంతా క్లాసులోంచి లేచి వచ్చి సంతకాలు పెట్టి మళ్ళీ క్లాసుకే వెళ్ళారు. సగటు తొమ్మిదికి దిగింది. గుమ్మం మీద తొమ్మిది, దాని పక్కన నల్ల టేపు.

“నాన్నా, ఇంట్లో నేనొక్కదాన్నే ఈ ఊరిదాన్నా?” అని అడిగింది గుమస్తా కూతురు.

“అవును తల్లీ.”

“అయితే అమ్మమ్మని నేనే రమ్మంటున్నాను. రాయి.”

గుమస్తా ఆ మాటకి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు మధ్యాహ్నం అందరూ టీకి వెళ్ళిన వేళ కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కేశాడు. పద్దెనిమిది వేలమంది పిల్లలు, సగటు తొమ్మిది. అందులో ఒక్క ఎనభై ఒకటి కలిస్తే కదిలేది దశాంశాల్లో మూడో అంకె. ఆ అంకె మీద టేపుంది. పట్టుబడితే ఉద్యోగం ఊడుతుంది. పట్టుబడకపోతే ఆవిడ పిల్ల మొహం చూస్తుంది. మొక్క వైపు చూశాడు. మొక్క ఏమీ అనలేదు. జీవితంలో మొదటిసారి, పై సంతకం లేకుండా, ‘కొనసాగించాలా?’ అన్న చోట అవునని నొక్కాడు.

గుమ్మం మీద తొమ్మిది తొమ్మిదిగానే ఉంది. ఎవరూ పరిగెత్తుకు రాలేదు.

బిరుదు వచ్చింది. యువ మేయర్‌గారిని పూలదండల్లో ముంచి ఊరేగించారు. ఆ సందట్లో అత్తగారికి ఆసుపత్రి కార్డు వచ్చింది. కుడికంటికి ఆపరేషన్ అయింది. మర్నాడు ఉదయం నర్సు ఇంటికే వచ్చి కట్టు విప్పుతుందన్నారు.

ఆ సాయంత్రమే ఎన్నికల నోటిఫికేషన్ పడింది. రిజిస్టర్‌లో ఉండి పద్దెనిమిది నిండినవాళ్ళందరూ ఓటర్లు. నోటిఫికేషన్ పడిన క్షణం నుంచి రిజిస్టర్‌కి సీలు. ఓటర్ల జాబితా అచ్చయి వచ్చింది. ఒక కాగితం. ఆ కాగితంలో ఒక పంక్తి. కాగితం ఆదా ఇంతకంటే ఎవరు చేయగలరు?

కమిషనర్‌గారు ఆ పంక్తి మూడుసార్లు చదివి, గుమస్తాని పిలిపించారు. ఇక ఉద్యోగం పోయినట్టే అనుకుంటూ గుమస్తా వెళ్ళి నిలబడ్డాడు.

“ఈవిడ మీ అత్తగారు కదూ?”

“తప్పయిపోయింది సార్.”

“తప్పేమిటయ్యా! ఈవిడ కూడా లేకపోతే మన ప్రజాస్వామ్యం ఏమైపోను? కూర్చో, కూర్చో. కాఫీ తాగుతావా?”

పోటీ చేయడానికి నగరవాసి కానక్కర్లేదట, ఓటు వేయడానికే కావాలట. ఆ రూలు రాసినవాడెవడో గానీ ఎంతో ముందుచూపున్నవాడు. కాబట్టి మర్నాడు తెల్లవారేసరికి గుమస్తా ఇంటి ముందు రెండు పార్టీల షామియానాలు వెలిశాయి. పన్నెండేళ్ళుగా రాని కుళాయికి నీళ్ళొచ్చాయి. వీధి దీపాలు పట్టపగలే వెలిగాయి. స్వాగత విభాగం మొక్కని ఎవరో ఎరువేసి, రిబ్బను కట్టి, గుమ్మంలో పెట్టారు.

ముందుగది చిన్నది. మంచం మీద అత్తగారు, పక్కన మనవరాలు, ఎదురుగా నర్సు. తలుపు దగ్గర కమిషనర్‌గారు. అందరికంటే ముందు, చేతులు జోడించి, ఆ పొద్దునే రంగు వేయించుకొచ్చిన జుట్టుతో యువ మేయర్‌గారు.

నర్సు కట్టు విప్పింది. అత్తగారు కన్ను చికిలించి, మెల్లగా తెరిచి, ముందు మనవరాలి మొహమే చూసింది. చాలాసేపు చూసింది.

“ఇలా ఉంటావుటే నువ్వు! ముక్కు మీ అమ్మదే. నా తల్లే!” అని ఘొల్లుమంది. గుమస్తా భార్యా ఏడ్చింది. గుమస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ క్షణాన అతనికి ఉద్యోగం గుర్తులేదు, బిరుదూ గుర్తులేదు.

యువ మేయర్‌గారు వంగి కాళ్ళకి దండం పెట్టారు. అత్తగారు కంగారుపడి కాళ్ళు ముడుచుకుంది.

“అయ్యయ్యో, అల్లుడుగారూ, ఇంత పెద్దాయన్ని నిలబెట్టారేమిటండీ? ముందు కుర్చీ వెయ్యండి. నడుం పట్టేస్తుంది. పాపం, ఈయన కూడా పేరు ఎక్కించుకోవడానికే వచ్చినట్టున్నారు.” ఆయన వైపు జాలిగా చూసింది. “మీకు పిల్లలు దొరికారాండీ?”

“ఒకటీ పాయింట్ ఒకటి చాలు అత్తయ్యగారూ,” అని అలవాటు చొప్పున గుమస్తా నోరు జారాడు.

యువ మేయర్‌గారు కుర్చీలో కూర్చున్నారు. కమిషనర్‌గారు గొంతు సవరించుకుని, “అమ్మా, మీ అమూల్యమైన ఓటు...” అని మొదలుపెట్టబోతుండగా వీధి మలుపులో మైకు మోగింది.

“నేను మీ యువ మేయర్‌ని! తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు!”

అత్తగారి మొహం వెలిగిపోయింది. “వచ్చాడు! ఎవరెన్ని చెప్పినా నా ఓటు ఆ కుర్రాడికే. ఎండనక వాననక తిరుగుతున్నాడు పాపం. ఈ పెద్దాయన్ని ఏమీ అనుకోవద్దని చెప్పండి అల్లుడుగారూ. పదవే, ఇన్నాళ్ళకి ఆ పిల్లాణ్ణి కళ్ళారా చూస్తాను.”

మనవరాలి చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. చెత్తబండి ఇంటి ముందుకొచ్చి ఆగింది. ఆవిడ కొత్త కంటితో బండి ముందూ వెనకా, పైనా కిందా వెతికింది.

“గొంతు వినపడుతూనే ఉంది. మనిషేడే?”

ఆ పిల్ల నాన్న వైపు చూసింది. గుమస్తా కమిషనర్‌గారి వైపు చూశాడు. యువ మేయర్‌గారు కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి, కిటికీ దగ్గరికి వచ్చి, ఆవిడ పక్కన నిలబడి, తను కూడా వీధిలోకి తొంగి చూశారు.